కరుగుచున్న నేలపై అతిథి

ఏప్రిల్ 19వ తేదికిని 25వ తేదికిని నడుమ వచ్చు గురువారమును ఐస్‌లాండ్ ద్వీపవాసులు ‘వేసవి తొలిదినము’గా పాటించి, కార్యాలయములు మూసి, పిల్లలను ముందిడుకొని వీథులలో ఊరేగుదురు. ఆనాడు వారి నెత్తిన మంచు కురియుటయు కలదు. అయినను ఆ పండుగ పేరు మార్చవలెనని వారికి తోచలేదు. సంవత్సరమును శీతకాలము, వేసవి అని రెండే పాళ్లు చేసిన ప్రాచీన పంచాంగమునుండి సంక్రమించిన దినమది. మన పెద్దలు నూరు శరత్తులు జీవింపుమని దీవించినట్లే, వారి పూర్వులు మనుష్యుని వయస్సును అతడు గడిపిన శీతకాలములతో లెక్కించెడివారు. పండుగ ముందటి రాత్రి గిన్నెలో నీరు పోసి ఆరుబయట ఉంచు వాడుక యొకటి వారికి కలదు. తెల్లవారునప్పటికి ఆ నీటిపై మంచుపొర కట్టినచో, శీతకాలమును వేసవియు కలిసి గడ్డకట్టినవని, ఆ యేడు పాడి సమృద్ధిగా ఉండునని నమ్మిక. ఎండకై అఱ్ఱులు సాచు జాతి మరియొక చలిరాత్రిని శుభశకునముగా నెంచుటలో ఎంతటి ఓర్పు ఇమిడియున్నదో ఆ దేశమును ఆ దినములలో చూచినవారికి గాని బోధపడదు.

నేను అచ్చట అడుగిడినది మార్చి చివరి వారమున. చిత్రపటములలోని ధవళకాంతి అప్పటికి చెదరిపోయినది. వేసవిపచ్చన ఇంకను చాల దూరమున నున్నది. నిరుటి గడ్డి ఎండి పడియున్న మైదానములు, పల్లములలో మసిబారిన మంచు, వానను అడ్డముగా విసరు గాలి, పగలును రాత్రియు సమమై దినదినమును వెలుతురు హెచ్చుచుండు ఆకాశము — ఇంతియే దృశ్యము. ఈ దినములు యాత్రకు అనుకూలములు కావని పలువురు వారింతురు. నా అభిప్రాయము వేరు. బంగారు చుక్కల వీపు గల ‘లోవా’ అను చిన్నపక్షి పశ్చిమ ఐరోపా తీరములనుండి సముద్రము దాటి వచ్చి వాలునది ఆ రోజులలోనే. తొలిపక్షి కనబడినదన్న సంగతిని ఆ దేశపు పత్రికలు ఏటేట వార్తగా ప్రకటించును. ఒక జాతి యావత్తును పక్షి రాకకై చెవియొగ్గి నిలిచిన వేళ, వారి గడపలో అతిథిగా నుండుట భాగ్యమే యగును.

అయితే ఆ భాగ్యమునకు తగిన ధర్మమును కలదు. నేల మిక్కిలి దుర్బలముగా నుండు సమయమును అదియే. పైపొర మాత్రమే కరిగి, అడుగుపొర ఇంకను గడ్డకట్టియే యుండుటచేత కరిగిన నీరు క్రిందికి ఇంకక, మీది మట్టిని మెత్తని అడుసుగా మార్చును. ఆ దినములలో బరువుబండ్లకు కొన్ని బాటలపై కట్టడి విధింతురు. మధ్యోన్నతప్రాంతపు మార్గములను జూన్ వచ్చు వరకును, కొన్నిటిని జూలై వరకును తెరువరు. కాలిబాట బురదయైనచో బాటసారి పాదరక్షలకు మరక యంటకుండ ప్రక్కనున్న నాచుపై అడుగిడును. వెనుకవాడు మరి కొంచెము ప్రక్కకు జరుగును. ఇట్లు ఒక్క ఋతువులో మూరెడు బాట బారెడగును.

నాచే కదా యని తేలికగా తలపరాదు. 1783వ సంవత్సరమున లాకి పర్వతప్రాంతమున భూమి చీలి, ఎనిమిది నెలలపాటు లావాను క్రక్కగా, విషవాయువులచేత పశువులును, తదుపరి కరవుచేత ప్రజలలో ఐదవవంతు వారును నశించిరి. ఆ నల్లని శిలాప్రవాహముపై నేడు జానెడు మందమున పరచుకొనియున్న నాచు రెండు శతాబ్దుల మౌనతపస్సునకు ఫలము. ఒక్కసారి త్రొక్కి చీల్చినచో అది పూడుటకు దశాబ్దములు పట్టును. తొమ్మిదవ శతాబ్దమున తొలి వలసదారులు వచ్చునాటికి దేశములో నాలుగవవంతునకు తక్కువ కాకుండ వ్యాపించియున్న భూర్జవనములు గొడ్డలికిని గొఱ్ఱెలకును ఆహుతియై, మట్టి గాలికి కొట్టుకొనిపోయినది. అట్టి చరిత్ర గల నేలపై గడ్డిపరకయు నిధియే.

ఆ దేశ జనసంఖ్య నాలుగు లక్షలకు మించదు. 2018లో వచ్చిన విదేశయాత్రికులు మాత్రము ఇరువదిమూడు లక్షలకు పైబడిరి. జస్టిన్ బీబర్ పాటకు 2015లో తీసిన దృశ్యచిత్రమున కనబడిన ఫ్యాద్రార్‌గ్లూఫుర్ అను లోయకు జనము వెల్లువయై రాగా, 2019 వసంతమున ప్రభుత్వము దానిని జూన్ 1వ తేది వరకు మూసివేయవలసివచ్చినది. వేల మైళ్లు వ్యయప్రయాసలకోర్చి వచ్చినవానిని గుమ్మమునుండి త్రిప్పిపంపుట న్యాయమా యని అడుగువారు కలరు. ఆ బాధను నేనెరుగుదును. గుల్‌ఫాస్ జలపాతమునకు పోవు దిగువబాట మంచుచేత మూయబడి, అడ్డముగా గొలుసు కట్టబడియుండగా, నేను దాని యెదుట నిలిచి జలఘోషను విని, తుంపురులను మొగమున తాల్చి, లోనికి పోలేకపోతిని. నా ప్రక్కనున్న యువకుడొకడు గొలుసు దాటి, నాచుపై రెండడుగులు వేసి, చిత్రము తీసికొని మరలినాడు. అతడు కాలెత్తినంతనే మడమగుంటలో గోధుమవన్నె నీరు ఊరి నిండినది. అర్ధగంట పిమ్మట చూచితిని. గుంట అట్లే యున్నది. ఆ చిత్రమునకు మూల్యమెంతయో నాకు అప్పుడు తెలిసినది.

రెండు మెట్లుగా ముప్పదిరెండు మీటర్లు దుముకు ఆ జలపాతము నేటికిని స్వేచ్ఛగా ప్రవహించుచున్నదన్న, దాని వెనుక ఒక రైతుబిడ్డ పట్టుదల కలదు. గత శతాబ్దారంభమున విద్యుదుత్పాదనకై దానిని విదేశీయులు గుత్తకు కోరగా, సమీపమున బ్రాట్‌హోల్ట్ గ్రామక్షేత్రమున పెరిగిన సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్ ఏండ్ల తరబడి ఎదిరించినది. రాజధాని రేక్జావిక్ వరకు పలుమారులు కాలినడకను పోయినదని జనులు చెప్పుకొందురు. ఆమె పక్షమున వాదించిన న్యాయవాది స్వేన్ బ్యోర్న్‌సన్ 1944లో ఆ దేశపు తొలి అధ్యక్షుడైనాడు. 1929లో గుత్త రద్దైనది. 1979లో ఆ ప్రాంతము రక్షితప్రకృతిగా ప్రకటింపబడినది. నేడు ఆమె ముఖరేఖ చెక్కిన శిల జలపాతము చెంతనే కలదు. ఆ శిలకు కూతవేటు దూరమున గొలుసు దాటుట ఆమె పడిన శ్రమను త్రొక్కుటయే.

ఇంగ్లండులోను ఐరోపాలోను చదువుకొనుచు ఈస్టరు సెలవులలో ఆ ద్వీపమునకు పోవు మన తెలుగు యువతీయువకులకు నా విన్నపమొక్కటే. పోవలసినదే, శీతకాలము చేయి వదలి వేసవి ఇంకను చేయి అందుకొనని ఆ సంధికాలమును తప్పక చూడవలసినదే. అయితే బురదబాట యెదురైనచో బురదలోనే నడువుడు; పాదరక్షలను కడుగవచ్చును గాని నాచును అతుకలేము. బాట మూసియున్నచో గొలుసు చెంత నిలిచి చెవియొగ్గుడు. ఆరుబయట గిన్నెలో నీరు పెట్టి మంచుపొరకై వేచిన జాతి యింటికి పోయి, ఒక్క ఋతువైనను వేచియుండలేని అతిథి చూచుటకు అచ్చట ఏమియు లేదు.