బండి కింద నేల చూడండి

1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చినప్పుడు, పెట్రోలు పోసి మూత బిగించి మరిచిపొమ్మని ప్రకటనలు ఇచ్చారు. మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో అలాంటి పాత బండ్లనే నమ్ముకుని పనులకు వెళ్లే నాన్నలు ఎందరో. కానీ ఇంజను కింద పడే ఆయిలు చుక్కను కూడా మనం మరిచిపోతున్నాం.

ఆయిల్ సీలు ఒక చిన్న రబ్బరు రింగు. దాని అంచును సన్నని స్ప్రింగు షాఫ్టుకు అదిమి పట్టి ఉంచుతుంది. ఏళ్ల వేడికి రబ్బరు గట్టిపడుతుంది, పలకల గనుల దుమ్ముకు అరుగుతుంది. అప్పుడు పైన ఎంసీల్ పూస్తే లాభం లేదు. కొత్త సీలు వేసినా, బ్రీదరు పైపు మూసుకుపోయి ఉంటే లోపలి ఒత్తిడికి మళ్లీ కారుతుంది. షాఫ్టు మీద గాడి పడినా అంతే. కారణం వెతకాలి. తర్వాత సీలు అంచుకు ఆయిలు రాసి, స్ప్రింగు వైపు లోపలికి పెట్టి, వంకర పోకుండా నొక్కాలి.

ఆ ఇంజనులో ఉండేది దాదాపు లీటరు ఆయిలే. అది కారిపోతే పిస్టను పట్టేస్తుంది, నాన్న పని ఆగుతుంది.

చదువుకునేవాడు చేతికి మసి అంటించుకోకూడదన్న మాటను మేము ఒప్పుకోము. మనం పుస్తకంలో చదివే ఒత్తిడి, ఘర్షణ ఆ ఇంజనులోనే ఉన్నాయి. పూర్వ విద్యార్థులైన అన్నలారా! వచ్చే వార్షికోత్సవానికి గోడ గడియారం బదులు ఒక పాత ఇంజను, ఒక పానాల సెట్టు ఇవ్వండి. తమ్ముళ్లారా! సెలవులకు ఇంటికి వెళ్లగానే నాన్న బండి కింద నేల చూడండి.