సాంకేతిక సహాయమునకు దరఖాస్తు గ్రామములోనే మొదలు కావలెను

విదేశ సాంకేతిక సహాయము అనగానే అది ఢిల్లీలో పెద్దలు చూచుకొను వ్యవహారమని గ్రామములలో చాలమంది తలంతురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. ప్రభుత్వముల మధ్య జరుగు ఇట్టి సహాయమునకు రైతు సంఘముగాని, పంచాయతీగాని నేరుగా అర్జీ పెట్టుకొనుటకు వీలులేదు. సాధారణముగా రాష్ట్ర శాఖ తయారుచేసిన ప్రతిపాదన కేంద్రములోని సంబంధిత మంత్రిత్వశాఖ ద్వారా ఆర్థిక వ్యవహారముల విభాగమునకు చేరును. అక్కడినుండి సహాయమిచ్చు దేశమునకో, సంస్థకో వెళ్లును.

అయితే ఆ ప్రతిపాదనలోని అంకెలు ఎక్కడివి? గ్రామములనుండి పోయినవే. సాయంత్రములోగా వివరములు పంపవలసినదని తాఖీదు రాగా, పాత రిజిస్టరులోని లెక్కలనే తిరిగి వ్రాసి పంపినచో, ఎంతటి నిపుణుడు వచ్చినను రోగమొకటి, మందు మరియొకటి అగును.

కొలత తెలిసినచోట పని ఎట్లుండునో మన కరవు ప్రాంతములే చూపినవి. నెదర్లాండ్స్ సహాయముతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో బోరుబావుల పథకమొకటి ఆరంభమైనది. బోర్లు వేసినమాత్రాన చాలదు, నీటి లెక్కయు తెలియవలెనని తోచినది. దాని వెనుక, ఆ దేశపు సహాయముతోనే, రైతులే భూగర్భజలమును చూచుకొను పథకము వచ్చినది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం మొదలగు 7 జిల్లాల రైతులు తామే వాన కొలిచిరి, బావులలో నీటిమట్టము కొలిచిరి. రబీకి ముందు ఉన్న నీరెంత, పంటలకు కావలసినదెంత అని లెక్కకట్టి, ఏ పంట వేయవలెనో ఎవరికి వారే తేల్చుకొనిరి. నిపుణులు వెళ్లిపోయినను గ్రామములో మిగులగలది ఇట్టి విద్యయే.

కావున వివరములు పంపువారు నాలుగు సంగతులు తప్పక వ్రాయవలెనని నా అభిప్రాయము. మొదటిది, కష్టమేమిటో కొలతతో చెప్పుట. “నీరు తగ్గినది” అనిన చాలదు. ఏ నెలలో నీరు ఎన్ని మీటర్ల లోతున ఉన్నది, ఎన్ని బోర్లు ఎండినవి అని వ్రాయవలెను. రెండవది, ఇంతవరకు ఏమేమి చేసి చూచితిమి, అవి ఏల ఫలింపలేదు. మూడవది, మనకు కొరవడిన విద్య ఏది. కృషి విజ్ఞాన కేంద్రములో దొరకు సలహాకై సముద్రము దాటనక్కరలేదు. నాలుగవది, పథకము ముగిసిన పిదప ఆ పని ఎవరు చేయుదురు, ఖర్చు ఎవరు భరింతురు. ఈ నాలుగవదానికి జవాబు లేని దరఖాస్తు పంపకుండుటయే మేలు.

“ఇంత శ్రమ యెందుకు? నిపుణులు వచ్చి వారే సర్వే చేసికొందురు గదా” అని కొందరందురు. వారు ఉండునది కొద్దికాలము. మూడేండ్ల క్రిందటి కరవు ఈనాటి పచ్చని పొలములో వారికి కనిపించదు. అది రైతు పుస్తకములో వ్రాసి ఉండవలెను.

గ్రామాధికారులు సంతకము చేయుటకు ముందు ఆ వివరములను గ్రామసభలో చదివి వినిపింపవలెను. తప్పున్నచో రైతులే దిద్దుదురు. రైతు సోదరులు వచ్చు ఖరీఫునుండియే వాన లెక్కను, బావి మట్టమును వ్రాసి ఉంచుకొనవలెను. విదేశ సహాయము వచ్చినను, రాకున్నను, ఏ పంట వేయవలెనో నిర్ణయించునాడు ఆ పుస్తకము అక్కరకు వచ్చును.