సైకిలు బాటసారికి ఓ మజిలీ కావాలి

సైకిలు మీద ఒంటరిగా దూరం వెళ్లొచ్చానంటే ఎవరైనా ముందు అడిగేది కాళ్ల గురించే. "రోజుకి ఎంత దూరం తొక్కారండీ, మోకాళ్లు పట్టెయ్యలేదా?" అని. పట్టేస్తాయి. మొదటి రెండు రోజులూ తొడలు, మెడ, అరచేతులు, సీటుకి ఆనే చోటు, అన్నీ నొప్పే. మూడో రోజుకి ఒళ్లు దారికొస్తుంది. ఆ తర్వాత తొక్కడం ఊపిరి పీల్చినంత తేలిగ్గా సాగుతుంది. నీళ్లు, ఉప్పు, నిద్ర సరిగా ఇస్తే మిగతాది ఒళ్లే చూసుకుంటుంది. దాని చేతిలో లేనిది ఒక్కటే, పొద్దు వాలాక తల వాల్చే చోటు. కొత్తగా బయల్దేరినవాళ్లు రెండోనాడో మూడోనాడో వెనక్కి తిరుగుతున్నారంటే నొప్పులకి భయపడి కాదు, రాత్రికి చోటు దొరక్క. ఇది నేను తొక్కి, అడిగి, తెలుసుకుని చెబుతున్న మాట.

నేను కాకినాడలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. వయసు యాభై దాటింది. సంక్రాంతి సెలవులివ్వగానే, చీరాలలో ఉన్న మా తమ్ముడింటికి పండక్కి సైకిలు మీదే వెళ్లాలని బయల్దేరాను. నేను పట్టుకున్నది 216వ నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరుతుంది. మొత్తం దాదాపు 390 కిలోమీటర్లు. సైకిలు తొక్కేవాళ్లకి మన రాష్ట్రంలో ఇంతకన్నా అనువైన దారి లేదని నా అభిప్రాయం. కొండల్లేవు. ఎక్కాల్సిన ఎత్తులు వంతెనలే. పైగా జనవరిలో మన తీరాన ఈశాన్యం గాలి వీస్తుంది. కాకినాడ నుంచి చీరాల వైపు వెళ్లేవాళ్లని అది వీపున చెయ్యి పెట్టి తోస్తుంది. అదే ఎండాకాలంలోనైతే దక్షిణపు గాలికి ఎదురెళ్లాలి.

సామాను పెద్దగా లేదు. వెనక క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు, పైన రెండు కిలోల టెంటు, చుట్ట చుట్టిన చాప, ఓ దుప్పటి, పంపు, పంక్చరు సామాను, అదనంగా ట్యూబులు, తలకి కట్టుకునే లైటు. స్టవ్వు మొయ్యలేదు. తెల్లారేసరికి ఇడ్లీ, పెసరట్టు వేసే బండి లేని ఊరు ఈ దారిలో నాకు కనబడలేదు. కొబ్బరి బొండాలు, అరటిపళ్లు సరేసరి.

మంచు విడిచాకే రోడ్డెక్కాను. సంక్రాంతి ముందు రోజుల్లో డెల్టాలో మంచు ఎంత దట్టంగా దిగుతుందో, అందులో చేపల లారీలు ఎంత వేగంగా వెళ్తాయో తెలిసినవాళ్లెవరూ ఎనిమిది గంటల ముందు హైవే మీద సైకిలు తొక్కరు. కోరంగి మడ అడవి, తాళ్లరేవు, యానాం దాటి గౌతమి మీద బాలయోగి వారధి ఎక్కాను. 1839 తుపానుకి తుడిచిపెట్టుకుపోయేదాకా కోరంగి పెద్ద రేవు. ఆ సంగతి ఏటా తరగతిలో మడ అడవుల పాఠంతో కలిపి చెబుతుంటాను. ఆ దారిన సైకిలు మీద నెమ్మదిగా వెళ్తుంటే, మడచెట్ల వేళ్లు ఊపిరికోసం బురదలోంచి పైకి పొడుచుకొచ్చి కనిపిస్తుంటే, పాఠంలో చెప్పని సంగతులు ఎన్నో తోచాయి. ఎదుర్లంక, మురమళ్ల, ముమ్మిడివరం దాటేసరికి పొద్దు పడమటికి వాలింది.

అప్పుడు మొదలైంది అసలు పని. రోడ్డు పక్క ఊళ్లో ఓ బడి కనబడితే లోపలికెళ్లి, నా గుర్తింపు కార్డు చూపించి, వరండాలో టెంటు వేసుకోనిస్తారా అని అడిగాను. ప్రధానోపాధ్యాయుడు మర్యాదస్తుడు. మంచినీళ్లు తెప్పించారు. "మీరు టీచరే, నేను కాదనను మేడమ్. కానీ రాత్రి ఏదన్నా జరిగితే నన్నే కదండీ అడుగుతారు, పైనుంచి కాగితం ఉండాలండీ" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన చెప్పింది నిజం. తర్వాత ఓ లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వబోమన్నారు. ఓ గుడి సత్రంలోనూ అదే మాట. ఒంటరిగా వచ్చినవాళ్లకి గది ఇవ్వకపోవడం మన పుణ్యక్షేత్రాల్లో చాలాచోట్ల ఆనవాయితీగా నడుస్తోంది. మగవాళ్లకీ తప్పడం లేదు. ఒంటరిగా రావడాన్నే అనుమానించే ఈ పద్ధతి అన్యాయం. దాన్ని ఎత్తెయ్యాలి.

చివరికి కొబ్బరితోట అంచున టెంటు వేసుకుందామని చోటు చూస్తుంటే, పక్కింటి పెద్దావిడ వచ్చింది. "ఒక్కదానివేనా అమ్మా? తోటలో పడుకుంటావా ఏంటి, రాత్రి కాయ రాలితే తలకాయ ఉంటుందా?" అని, తన వాకిట్లోకి తీసుకెళ్లింది. "పిన్నిగారూ, నా వల్ల మీకు ఇబ్బందేమో" అంటే వినలేదు. ముగ్గు తొక్కకుండా టెంటు ఎక్కడ వేసుకోవాలో తనే చూపించింది. రాత్రి పులుసన్నం పెట్టింది. వేకువన లేచేసరికి మంచుకి టెంటు గుడ్డ తడిసి ముద్దయింది. ఆవిడే దండెం మీద ఆరేసింది.

ఇలాంటి అమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అయితే చీకటి పడే వేళకి ఆ అమ్మ వాకిట్లోకి రాకపోతే? దారినపోయేవాళ్లకి ఒక రాత్రి రక్షణ ఒకరి దయ మీదే ఆధారపడి ఉండకూడదు.

మరునాడు హైవే వదిలి అంబాజీపేట మీదుగా లంకల గన్నవరం వెళ్లాను. డొక్కా సీతమ్మగారి ఊరది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. ఇప్పుడు వైనతేయ మీద కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. పక్కనే కాటన్ కాలం నాటి పాత అక్విడక్టు కూడా ఉంది. ఆవిడ గొప్పతనం గురించి ఉపన్యాసాలు ఎన్నో విన్నాను. ఆ అన్నం ఎవరికి పెట్టిందో తలుచుకునేవాళ్లు తక్కువ. దారి మధ్యలో రాత్రి పడ్డవాళ్లకి.

అంతకుముందు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకీ ఏం రాసుకున్నారో కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్లకి గుర్తుంటుంది. ఈ ఊళ్లో నీళ్లు బాగున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రమో తోపో ఉందా, లేక డేరా వెయ్యాలా అన్నది ఆయన శ్రద్ధగా రాశారు. వెనక వచ్చేవాళ్లకి పనికొస్తుందని. ఆయనకి పల్లకీ ఉంది, పరివారం ఉంది, అయినా రాత్రి దిగే చోటే ఆయనకి ముఖ్యం. దాదాపు రెండు వందల ఏళ్లయింది. రోడ్లు నాలుగు వరసలవుతున్నాయి. అలాంటి చోటు మాత్రం ఇప్పుడు చాలా ఊళ్లలో చూపించలేం.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు మీదుగా వెళ్తుంటే నీడన్నది కరువైంది. లోసరి దాటి కృత్తివెన్ను వైపు తిరిగాక రెండు పక్కలా చెరువులే. మంచి లాడ్జి కావాలంటే మచిలీపట్నం చేరాలి. బరువుతో సైకిలు తొక్కేవాళ్లకి అది ఒక్క పూటలో అయ్యే పని కాదు. ఆ రాత్రి ఓ రొయ్యల చెరువు గట్టున, కాపలా దంపతుల పాక పక్కన టెంటు వేసుకున్నాను. తెల్లవార్లూ ఏరియేటర్ల హోరు. చీకటి పడితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపేసి తను కూడా పీల్చుకుంటుంది. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిప్పాలి, కాపలావాళ్లు మెలకువగా ఉండాలి. ఆ ఇల్లాలు దీపం పట్టుకుని గంటకోసారి గట్టు చుట్టూ తిరుగుతూనే ఉంది. వాళ్లది శ్రీకాకుళం వైపు. "ఒంటరిగా తిరగడం మాకు అలవాటే గానీ, మీకెందుకమ్మా?" అని అడిగింది. ఊళ్లు చూడాలని ఉందన్నాను. "మంచిదే" అంది.

మర్నాడు పొద్దున్న టీ కోసం ఆగిన ఊళ్లో ఓ రెండంతస్తుల భవనం కనబడింది. లావుపాటి స్తంభాల మీద లేచింది. వెడల్పాటి మెట్లు, పైన పెద్ద హాలు, పక్కన మరుగుదొడ్లు, బోరు. మెట్ల మీద మేకలు పడుకున్నాయి. గేటుకి తాళం. అది తుపాను షెల్టరు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. అప్పటినుంచి మన తీరం పొడవునా ఇలాంటి షెల్టర్లు కడుతూ వచ్చారు. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకంలో కట్టినవాటిని బహుళ ప్రయోజన షెల్టర్లు అన్నారు. మామూలు రోజుల్లో బడికో, సమావేశానికో, పెళ్లికో వాడుకుంటూ ఉంటేనే భవనం బాగుంటుందని, తుపాను వచ్చిననాడు తాళం చెవి కోసం వెతుక్కోనక్కర్లేదని ఆ ఆలోచన. చాలా మంచి ఆలోచన. ఆ బహుళ ప్రయోజనాల్లో బాటసారిని కూడా చేర్చమని నేను అడుగుతున్నాను.

కొత్త భవనాలు అక్కర్లేదు. కొత్త ఉద్యోగాలు కూడా అక్కర్లేదు. ఊరి సచివాలయంలో ఒక రిజిస్టరు. వచ్చినవాళ్ల ఆధార్, ఫోను నంబరు అందులో రాసుకోవాలి. రాత్రికి వంద రూపాయలు పంచాయతీకి కట్టించుకోవాలి. సచివాలయంలోని మహిళా పోలీసుకి, దగ్గరి స్టేషనుకి ఒక్క మాట చేరెయ్యాలి. హాల్లో చోటు, ఒక బల్బు, కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి చాలు. పొద్దున్నే వెళ్లేటప్పుడు ఊడ్చి వెళ్లమనాలి. తుపాను హెచ్చరిక వస్తే ఆ సదుపాయం ఆగిపోతుంది, అంతే. ప్రధానోపాధ్యాయుడు అడిగిన "పైనుంచి కాగితం" ఇదే. అదొక్కటి ఉంటే బడి, పంచాయతీ ఆఫీసు, పాత సత్రం, ఏదైనా తెరుచుకుంటుంది.

ఇలా వచ్చేవాళ్లు ఎంతమంది అని ఎవరైనా అడగొచ్చు. సైకిలు మీద తిరిగేవాళ్లు కొద్దిమందే. కానీ తిరుమలకి, విజయవాడకి కాలినడకన వెళ్లే భక్తులున్నారు. గుంపుల్ని తోలుకుంటూ ఊరూరా కదిలే బాతుల కాపర్లున్నారు. చీరలు, దుప్పట్లు సైకిలుకి కట్టుకుని అమ్మేవాళ్లున్నారు. వాళ్లంతా ఇవాళ బస్టాపుల్లో, పెట్రోలు బంకుల పక్కన, అరుగుల మీద పడుకుంటున్నారు. చోటు చూపిస్తే కొత్తవాళ్లు కూడా వస్తారు, ముఖ్యంగా ఆడపిల్లలు. 1963లో డెర్వ్లా మర్ఫీ అనే ఐర్లండ్ యువతి ఒక్కతే ఐర్లండ్ నుంచి ఢిల్లీ దాకా సైకిలు మీద వచ్చింది. నా తరగతిలో ఆ సంగతి చెప్పినప్పుడు ఆడపిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో నేను చూస్తుంటాను. వెంటనే ఒకమ్మాయి అడుగుతుంది, "రాత్రిపూట ఎక్కడ పడుకునేది మేడమ్?" అని. ఆ పిల్లకి మన ఊళ్లలో చెప్పగలిగిన జవాబు ఒకటి కావాలి.

కాకినాడ నుంచి బాపట్ల దాకా తీరప్రాంత జిల్లాల కలెక్టర్లకి, సర్పంచులకి నా విన్నపం ఇదీ. 216 రహదారికి దగ్గర్లో ఉన్న షెల్టర్లలో జిల్లాకి రెండింటిని ఎంచుకోండి. తుపానుల కాలం ముగిశాక, డిసెంబరు చివరినుంచి మార్చి దాకా బాటసారులకి తెరవండి. గేటు మీద ఆ సంగతి పెద్ద అక్షరాల్లో రాయించండి. మజిలీల జాబితా ఒకటి తయారుచేసి ప్రతి సచివాలయంలో గోడకి అంటించండి. జాబితా తయారీకి మనిషి సాయం కావాలంటే వచ్చే సెలవుల్లో సైకిలేసుకుని నేను వస్తాను.