మందులు మానేశాం సరే, పనివాళ్ల క్షేమం ఎవరి బాధ్యత?



పైన వీడియోలో అగ్నిఅస్త్రం తయారీ చూశారు కదా. మోతాదు, కాచే పద్ధతి అందులోనే ఉన్నాయి. అందులో కలిపే మనిషి చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఎందుకు పెట్టుకున్నాడో ఇక్కడ రాస్తున్నా. "ప్రకృతి వ్యవసాయంలో విషం ఏముందండీ, గ్లౌజులెందుకు?" అని చాలామంది అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

2017లో మహారాష్ట్రలోని యావత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందు కొడుతూ దాదాపు 20 మంది రైతులు, కూలీలు చనిపోయారు. ఇలాంటివి చూశాకే మనలో చాలామంది రసాయనాలు వదిలేశాం. మంచి పనే. కానీ మందు డబ్బా పోయిందని పొలంలో ప్రమాదాలన్నీ పోలేదు. కొన్ని పోయాయి, కొన్ని అలాగే ఉన్నాయి, కొన్ని కొత్తగా వచ్చాయి.

అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. పొగాకులో ఉండే నికోటిన్ తడి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తడి పొగాకు ఆకు తెంపే కూలీలకు వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం వచ్చేది ఇందుకే. పచ్చిమిర్చి ఘాటు సంగతి చెప్పనక్కర్లేదు. దశపర్ణిలో ఉమ్మెత్త, జిల్లేడు వేస్తాం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పురుగును చంపేది మనిషిని ఏమీ చెయ్యదు అనుకోవడం పొరపాటు. కొందరు కషాయం నాలుకకు రాసుకుని "చూశారా, ఏం కాలేదు" అని వీడియోలు పెడుతున్నారు. దయచేసి అలా చెయ్యొద్దు.

ఇంకోటి ఆచ్ఛాదన. నేలకు మంచిదే, అయితే ఆ గడ్డి కింద ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాములు వస్తాయి. కలుపు మందు కొట్టం కాబట్టి బ్రష్ కట్టర్ వాడతాం, దాని బ్లేడుకు రాయి తగిలితే తూటాలా వస్తుంది. ఇక చేతికి గాయం ఉండగా పేడ కలిపితే ధనుర్వాతం భయం ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. కషాయం గురించి శిక్షణ తీసుకునేది రైతు. దాన్ని కలిపేది, కొట్టేది ఎక్కువగా కూలీలు. దాంట్లో ఏం వేశారో వాళ్లకి ఎవరూ చెప్పరు. ఫ్యాక్టరీ అయితే ఇన్‌స్పెక్టర్ వస్తాడు, మన చేలోకి ఎవరొస్తారు? కాబట్టి ఈ బాధ్యత మనమే పంచుకోవాలి. నా దృష్టిలో మొదటి వాటా రైతుదే, ఎందుకంటే పని చెప్పేది, పద్ధతి నిర్ణయించేది ఆయనే.

రైతు చెయ్యాల్సినవి: గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు కొని పొలంలో ఉంచాలి. డ్రమ్ములో ఏం ఉందో పనికి ముందే చెప్పాలి. కషాయానికి వేరే పాత్ర పెట్టాలి, వంట గిన్నె వాడకూడదు. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాల్లో పొయ్యకూడదు, పిల్లలు తాగేస్తారు. ఎండాకాలం పొద్దున్నే పని మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ఆపాలి. చేతులు కడుక్కోడానికి నీళ్లు, సబ్బు ఉండాలి.

పనివాళ్ల వంతు: ఇచ్చినవి వేసుకోవాలి. చేతికి గాయం ఉన్నా, ఆయాసం ఉన్నా, ఒంట్లో బాగోకపోయినా ముందే చెప్పాలి. బ్రష్ కట్టర్ నడుస్తుంటే 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకుండా చూసుకోవాలి. మిషన్ అద్దెకిచ్చేవాళ్లు బ్లేడు మీద గార్డు తీసేసి ఇవ్వకూడదు. వీడియోలు తీసేవాళ్లు వట్టి చేతులతో కలపడం చూపించకూడదు, చూసినవాళ్లు అదే చేస్తారు.

"ఇచ్చినా వేసుకోరండీ" అంటారు. నిజమే, చాలాచోట్ల వేసుకోరు. కానీ ఆడవాళ్ల చేతికి మగవాళ్ల సైజు గ్లౌజు ఇస్తే కొడవలి పట్టు జారుతుంది, తీసి పక్కన పెడతారు. సరైన సైజు ఇచ్చి చూడండి. రైతు తను వేసుకోకుండా కూలీని వేసుకోమంటే ఎవరు వింటారు?

అన్నిటికన్నా ముఖ్యమైంది, "ఈ పని ప్రమాదం, నేను చెయ్యను" అని చెప్పే ధైర్యం కూలీకి ఉండాలి. అలా చెప్పినందుకు కూలి కొయ్యకూడదు, మర్నాడు పిలవడం మానకూడదు. వ్యవసాయ పనుల భద్రత మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో చేసిన ఒప్పందంలో కూడా ఈ హక్కు ఉంది.

పాము కాటు వేస్తే ఎవరు ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి. గట్టిగా కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నాటు మందంటూ ఆలస్యం చెయ్యొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కుని పెట్టుకోండి.

వానపాము బతకాలని రసాయనాలు మానేసినవాళ్లం. మన చేలో వంగి పనిచేసే మనిషి గురించి అంతకన్నా ఎక్కువే ఆలోచించాలి కదా. రేపు కూలీలు రాగానే ఒక్క పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. మీ పొలంలో ఏ జాగ్రత్తలు పాటిస్తున్నారో కింద రాయండి, మిగతా రైతులకీ పనికొస్తుంది.