దారిని బట్టి నూనె

ఈ సంచికలో మిత్రులు సాహిత్యం గురించీ, సమాజం గురించీ రాస్తుంటే వీడేమిటి, సైకిలు చైనుకు వేసే నూనె గురించి రాస్తున్నాడని నవ్వుకునేవారు ఉంటారు. నవ్వుకోండి. కానీ రోజూ పల్లె నుంచి పన్నెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ కాలేజీకి వచ్చేవాడికి ఇది చిన్న విషయం కాదు.

మాది వ్యవసాయ కుటుంబం. "ఇరుసుకి కందెన పెట్టకపోతే ఆ బరువంతా ఎద్దు మెడ మీద పడుద్దిరా" అని మా నాన్న నా చిన్నప్పటి నుంచీ చెబుతుండేవాడు. ఆ మాట పట్టుకుని నేను ట్రాక్టరులోంచి తీసేసిన నల్లటి ఇంజనాయిలు చైను నిండా పోశాను. అసలే ఎండాకాలం. మా ఊరి కంకర రోడ్డు దుమ్మంతా పట్టి చైను నల్లటి ముద్దయింది. ఆ ముద్దే ఆకురాయిలా పనిచేసి, ఏడాది తిరక్కుండా పళ్ళు తినేసింది. సరిగ్గా ప్రాక్టికల్ పరీక్ష రోజున, సగం దారిలో చైను తెగింది. సైకిలు నడిపించుకుంటూ వచ్చేసరికి గంట ఆలస్యం. చైనూ, ఫ్రీవీలూ, ముందు పళ్ళచక్రమూ మూడూ మార్చడానికి నాన్న పురుగుమందుకని దాచిన డబ్బులు తీశాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాన్న చెప్పింది తప్పు కాదు, నేను వాడిన చోటు తప్పు. బండి ఇరుసు మెల్లగా తిరుగుతుంది, బరువెక్కువ. దానికి చిక్కటి కందెనే కావాలి. చైనులో నూనె పనిచేసేది లోపల, పిన్నుకీ దాని చుట్టూ ఉన్న బుష్‌కీ మధ్య. పైన కనబడే నూనె దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకోవడానికే పనికొస్తుంది. పాత ఇంజనాయిల్లో అప్పటికే మసీ, లోహపు రజనూ ఉంటాయి.

అందుకే, దారిని చూసి నూనె ఎంచుకోవాలంటాను. ఎండాకాలం దుమ్ములో తొక్కేవాళ్ళకు కుట్టుమిషను నూనె వంటి పలచటిది మేలు. త్వరగా లోపలికి దిగుతుంది. కాకపోతే ఒక్క వానకే కొట్టుకుపోతుంది, తరచూ వెయ్యాలి. వానలో, బురదలో తిరిగేవాళ్ళు కొత్త ఇంజనాయిలు వాడొచ్చు. చిక్కనిది గనక నీటికి నిలుస్తుంది. దుమ్ము పట్టకుండా మాటిమాటికీ తుడుచుకోవాలి. వంటనూనె వద్దు, కొన్నాళ్ళకు బంకగా మారుతుంది. కిరసనాయిలు చైను కడగడానికే. ఉన్న నూనెను కూడా కడిగేసి ఆరిపోతుంది.

ఏది వాడినా రోలరుకు ఒక్క చుక్క చాలు. రాత్రి వేసి, పొద్దున్నే పాత గుడ్డతో పైనంతా తుడిచెయ్యాలి. ఇంకొకటి: కొత్త చైనులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలుతో కొలిస్తే అంగుళంలో పదహారో వంతు పెరిగిందా, చైను మార్చండి. ఎనిమిదో వంతు దాకా ఆగితే పళ్ళకు కూడా ఖర్చే.

లాబులో ఘర్షణ గుణకం కొలిచి, రికార్డు రాసి, మార్కులు తెచ్చుకుంటాం. బయట స్టాండులో మన సైకిళ్ళు కిర్రుమంటుంటే పట్టించుకోం. ఆ చదువు చైను దాకా రాకపోతే ఎట్లా? విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. సైకిలు స్టాండు దగ్గర రెండు నూనె డబ్బాలు, నాలుగు పాత గుడ్డలు, ఒక స్కేలు పెట్టించండి. ఈ సంచిక అట్ట మీది రంగులకయ్యే ఖర్చు కూడా కాదు.