చుండ్రు షాంపూ, పెళ్ళిచూపులు
"పెళ్ళిచూపులు దగ్గర పడ్డాయి. కీటోకోనజోల్ షాంపూతో ఊడిన జుట్టు తిరిగొస్తుందా?" – ఓ పాఠకుడు, పానగల్

తమ్ముడూ! మీ ఛాయా సోమేశ్వరుడి గుళ్ళో నీడ పగలంతా కదలదు గాని, నుదుటిమీది జుట్టు అలా ఆగదే! ఆ షాంపూ చుండ్రు ఫంగస్‌ను అణిచే మందు. చుండ్రు, దురదల వల్ల రాలుతుంటే తగ్గొచ్చు. వారానికి 2 సార్లు, నురుగు 3 నుంచి 5 నిమిషాలుంచి కడుగు. రుద్దగానే కడిగేస్తే డబ్బులు కాలవపాలే. బట్టతలకూ కాస్త మేలని 1998లో బెల్జియం డాక్టర్లు రాశారు. కాని చూసింది కొద్దిమందినే. రూపాయిబిళ్ళంత నున్నగా ఊడితే పేనుకొరుకుడేమో, దానికిది పనిచెయ్యదు. నల్లగొండ వెళ్ళి చర్మవ్యాధుల డాక్టరుకి చూపించు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు అందరికీ రాలతాయి, విగ్గు పెట్టే హీరోలక్కూడా!