కాదనలేనితనం

తెలుగులో “మొహమాటం” అనే మాట ఉన్నది. ఉర్దూలో “మురవ్వత్”, “లిహాజ్” ఉన్నాయి. తెలుగువారు “ములాజా” అని కూడా అంటారు. అది ఉర్దూ “ములాహజా” నుండి వచ్చినదే. ఈ రెండు భాషలూ వినిపించే కళాశాలలో దీని అర్థం ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఎదుటివాని ముఖం చూచి, నాలుకచివరి “కాదు”ను దిగమ్రింగడం మన ఉమ్మడి ఆస్తి.

ఇది సుగుణమా, దౌర్బల్యమా? ముప్పాతికమువ్వీసం దౌర్బల్యమేనని నా అభిప్రాయం.

మా నాన్నగారు చిన్న ఉద్యోగి. సహోద్యోగి ఒకరు ఒక సాయంకాలం మా యింటికి వచ్చి, టీ త్రాగి, మా చదువుల గురించి కుశలప్రశ్నలు వేసి, లేవబోతూ పరపతిసంఘం కాగితాలు బయటకు తీశారు. “ఒక్క సంతకమే గదా అన్నా! నిన్ను డబ్బేమైనా అడిగానా?” అన్నారు. లోపలి గదిలో అమ్మ గాజులు గలగలలాడించి హెచ్చరించింది. నాన్నగారు విన్నారు. విని కూడా సంతకం చేశారు. ఆ పెద్దమనిషి ఆరు వాయిదాలు చెల్లించి ఊరు విడిచారు. తరువాత రెండున్నర సంవత్సరాలు నాన్నగారి జీతంలో కోత పడింది. అక్కయ్య చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది.

నేడు నేను తరగతిలో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం బోధిస్తున్నాను. అందులో 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకొంటే తప్ప, జామీనుదారుని బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానం. ముందుగా అప్పు తీసుకొన్నవానిని పట్టుకొని, అతడివ్వకపోతేనే మనవద్దకు వస్తారని చాలామంది భ్రమ. ఋణదాత అట్లా వేచి ఉండనక్కరలేదని 1968లో బ్యాంక్ ఆఫ్ బీహార్ – దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లించిన సొమ్మును అసలు ఋణగ్రస్తుని వద్ద రాబట్టుకోవచ్చునని 145వ సెక్షను చెబుతుంది. చెప్పడానికేం? ఊరు విడిచినవాని చిరునామా సెక్షనులో దొరకదు.

అదే చట్టం 14వ సెక్షనులో, సమ్మతిని స్వేచ్ఛాయుతం కాకుండా చేసే కారణాలు ఐదు పేర్కొన్నారు: నిర్బంధం, అనుచిత ప్రభావం, మోసం, అసత్య కథనం, పొరపాటు. ఈ జాబితాను ఎన్నిసార్లు తిరగవేసినా మొహమాటం కనిపించదు. “మొహమాటపడి చేశాను మహాప్రభో” అంటే ఆలకించే న్యాయస్థానం లేదు. చట్టం దృష్టిలో అది నిండు మనస్సుతో చేసిన సంతకమే.

శుక్రాచార్యుడు వారించినా వినక మూడడుగులు ధారపోసిన బలిచక్రవర్తినీ, కవచకుండలాలు కోసి ఇచ్చిన కర్ణునీ చదివి పెరిగినవారికి “లేదు” అనడం మహాపాతకంగా తోచడంలో వింత లేదు. కాని ఆ యిద్దరూ ఇచ్చినది తమది. మా నాన్నగారు ఇచ్చినది అక్కయ్య చదువు.

విద్యార్థులకు ఈ పరీక్ష ముందుగానే మొదలవుతుంది. హాజరు పిలిచేటప్పుడు తన బదులు “ఎస్ సార్” అనమనే మిత్రుడు, పరీక్షకు రెండు రోజుల ముందు నోట్సు పట్టుకుపోయే మిత్రుడు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారితో “చూద్దాంలే” అనడం “కాదు” అనడంకన్న క్రూరం. వెంటనే కాదంటే అతడు మరో దారి వెదుక్కొంటాడు. “రేపు రా” అని గోడలమీద దయ్యాలకు వ్రాస్తారుగాని స్నేహితులకు కాదు.

కాదన్న తరువాత మనస్సు నొచ్చుకొనదా? నొచ్చుకొంటుంది. నొచ్చుకోవడం వేరు, తప్పు చేశాననుకోవడం వేరు. మొదటిది ఒక రాత్రితో పోతుంది. దానిని తప్పించుకోబోయి మా యిల్లు రెండున్నర సంవత్సరాలు చెల్లించింది.

క్రిందటి సంవత్సరం నా బాల్యమిత్రుడొకడు అటువంటి కాగితాలతోనే వచ్చాడు. “జామీను ఉండలేను. ఈ రెండువేలు ఉంచు, తిరిగి ఇవ్వనక్కరలేదు” అన్నాను. డబ్బు ముట్టుకోకుండా లేచిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకొంటున్నాను. మరునాడు నాన్నగారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “టీ అయినా త్రాగి వెళ్ళాడా?” అని మాత్రం అడిగారు.